పిడికెడు బియ్యం

రాయచూరు మిల్లుల దగ్గర కొత్తబియ్యం వాసన తగిలితే అమ్మ గుర్తొస్తుంది. అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి, చర్చి కోసం పెట్టిన డబ్బాలో వేయమనేది. ఒకరోజు బియ్యం తక్కువున్నాయని నేను వేయలేదు. బదులుగా దేవుడికి రెండు పాటలు గట్టిగా పాడాను.

"దేవుడంటే నాకు మస్తు ఇష్టమమ్మా," అన్నాను.

"ఇష్టముంటే ఆయన చెప్పిన పని చెయ్యాలె బిడ్డా. పాటలు వండుకొని తింటరా?" అంటూ అమ్మ తన వంతులోంచి పిడికెడు తీసి వేసింది.

ఆ వానాకాలం నాన్న మంచం పట్టాడు. చర్చివాళ్లు ఇంటింటి డబ్బాల బియ్యం మాకు తెచ్చిచ్చారు. సన్నవీ దొడ్డువీ కలిసి అన్నం కొంత మెత్తగా, కొంత పలుకుగా ఉడికింది. నేను మొహం చిట్లించాను. అమ్మ కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పింది.

ఎన్ని ఇళ్లలో దేవుడి మాట విన్నందుకు నాకా ముద్ద దొరికిందో ఇప్పుడు తెలుస్తోంది.