మూతకు అడ్డంగా ఒక చెయ్యి

ఖరగ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో నేను టీ ఫ్లాస్కు మూత తిప్పుతుంటే, పక్కన కూర్చున్న పెద్దాయన చటుక్కున నా ముఖానికీ ఫ్లాస్కుకీ మధ్య అరచెయ్యి అడ్డం పెట్టాడు. నాకు కోపమొచ్చింది. ఆయన సిగ్గుపడి చెయ్యి తీసేశాడు. దాని మీద చర్మం కాలి ముడుచుకుపోయి ఉంది.

"ఏటనుకోకమ్మా, అలవాటైపోనాది. తుక్కు యార్డులో పాత డ్రమ్ములు కోస్తాను. ముందు నిండా నీళ్లు పోసి, అప్పుడు గ్యాస్ కటర్ ఎట్టాల."

"పొయ్యకపోతే?"

"ఓపాలి పొయ్యలేదు. ఖాళీదే గదా అనుకున్నాను. ఖాళీ డ్రమ్మేనమ్మా పేల్తాది, లోపల గ్యాసుంటాది. నాతో పన్జేసే బెంగాలీ అన్న, దాదా అంటాను, ఎదురుగా ఉన్నాడు."

కాలిన చేతి మీదికి చొక్కా చెయ్యి లాక్కున్నాడు.

"దాదాకి ఇప్పుడు సూపు లేదు. ఈ ఊళ్లోనే, సుభాష్‌పల్లిలో ఉంటాడు. ప్రతి ఆదోరం నానే ఎల్లి గెడ్డం గీస్తాను."

నేను ఫ్లాస్కు ఆయన చేతికే ఇచ్చాను. నన్ను కాస్త వెనక్కి జరగమని, తన ముఖం పక్కకు తిప్పుకుని, మూత మెల్లగా తీసి, మొదటి కప్పు నాకే పోశాడు.

ఇప్పుడు మా వంటింట్లో కుక్కరు మూత తీసేటప్పుడు, పక్కన ఎవరున్నా నా ఎడమచెయ్యి వాళ్ల ముఖానికి అడ్డం వెళ్తుంది. ఎందుకలా అని అడిగితే, అలవాటైపోయిందంటాను.