మా అవ్వ రెండోసారి బిగించే పట్టీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ అలసిపోయిన ప్రాణి మా తెల్ల గుర్రం. దాని తర్వాత మా అవ్వ, అంటే మా నాయిన తల్లి. మిగతావాళ్లం వీళ్లిద్దరి తర్వాతే. నాకప్పుడు పదేళ్లు. శామీర్‌పేట చెరువుకు కాస్త ఎగువన మా ఊరు. తాత బతికున్న రోజుల నుంచీ మాది పెళ్లిళ్లకు గుర్రాన్ని తీసుకెళ్లే ఇల్లు. ఎదురుకోళ్ల వేళకి పెళ్లికొడుకును ఊరి పొలిమేరలో ఎక్కించుకుని, డప్పుల మధ్య పెళ్లి పందిరి దాకా నడవాలి. చెప్పడానికి ఎంత తేలికో! నడిచే గుర్రానికి మాత్రం అప్పటికే వయసు మీరిపోయింది. మోకాళ్లు ఎప్పుడూ వాచి ఉండేవి. పెళ్లి నుంచి వచ్చిన రోజు అది అసలు పడుకునేది కాదు. పడుకుంటే మళ్లీ లేవడం కష్టమని దానికి తెలుసు. గోడకు ఒరిగి, నిలబడే కునుకు తీసేది.

దాన్ని మేం పెద్దది అనేవాళ్లం. కొట్టంలో దానికి తోడు మూడేళ్ల పిల్ల గుర్రం ఒకటి ఉండేది, బూడిద రంగుది. వయసు వచ్చేకొద్దీ తెల్లబడుతుందని నాయిన ఆశ. అది చిన్నది. మాఘమాసం పెళ్లిళ్ల నాటికి చిన్నది జీను వేయించుకోవడం నేర్చుకుంటే, పెద్దది ఇక ఇంటిపట్టున ఉండిపోవచ్చు. ఆ వానాకాలమంతా మా ఇంట్లో ఇదే మాట. నాకైతే పెద్దదంటే ప్రాణం. వేడినీళ్లలో గుడ్డ ముంచి దాని మోకాళ్లకు కాపడం పెట్టడం నా పని. గుడ్డ తగలగానే అది గడ్డం తెచ్చి నా భుజం మీద ఆనించేది. ఆ బరువుకు వంగిపోయేదాన్ని గానీ పక్కకు జరిగేదాన్ని కాదు.

చిన్నదానికి జీను నేర్పే పని అవ్వ తీసుకుంది. తాత చేస్తుంటే ఏళ్ల తరబడి చూసింది, అదే ఆమె చదువు. పగలంతా ద్రాక్ష తోటలో కూలికి పోయేది. పందిళ్ల కింద చేతులెత్తి తీగలు కత్తిరించి, సాయంత్రం ఇల్లు చేరేసరికి భుజాలు పైకి లేచేవి కావు. కొప్పు కూడా నాతోనే వేయించుకునేది. అలాంటి మనిషి కొట్టంలోకి వెళ్లి ఏం చేసేదనుకున్నారు? జీనును గడ్డి మీద పడేసి, దానికి తల ఆనించి, కళ్లు మూసుకునేది. అంతే. చిన్నది ఆ మూల, ఈమె ఈ మూల.

నాకు ఒళ్లు మండేది. రోజులు గడిచిపోతున్నాయి, ఈవిడేమో నిద్రపోతోంది. ఒకనాడు ఉండబట్టలేక, దానికి ఎప్పుడు నేర్పుతావని అడిగేశాను.

"నేర్పుతనే ఉన్న గదనే," అంది కళ్లు తెరవకుండానే. "తనతోటి నాకేం పని లేదని ముందుగాల దానికి ఎరుకైతే, ఇగ అదే వస్తది."

నిజంగానే వచ్చింది. మొదట రెండడుగులు, ఇంకో రోజు నాలుగు. ఒక సాయంత్రం జీను వాసన చూసి, పట్టీ అంచును నోట్లో పెట్టుకుని నమిలింది. అవ్వ కదల్లేదు. ఆ తర్వాత దాని వీపు మీద ఖాళీ గోనెసంచి వేసింది. కొన్నాళ్లకు మడతపెట్టిన బొంత, తర్వాత ఉత్త జీను. ఆఖరున పొట్ట కింది నుంచి పోయే తోలుపట్టీ. ఆ పట్టీని మాత్రం అవ్వ ఒక్కసారిలో బిగించేది కాదు. ముందు కొంచెం బిగించి, కొట్టం ముందర కాసేపు నడిపించి, ఆగి మళ్లీ ఇంకాస్త బిగించేది. నేను పక్కనే ఉండి చూశాను. చూసి, పాపం ముసలిది, చేతుల్లో బలం లేక రెండు విడతలుగా చేస్తోందనుకున్నాను. నా తెలివి అంత గొప్పది.

కార్తీకంలో మేడ్చల్ వైపు ఒక పెళ్లికి వెళ్లి పెద్దది మోకాలు గీరుకుని వచ్చింది. దారిలో తూలి పడిందట. ఆ రోజు కాపడం పెడితే గడ్డం ఆనించలేదు, కాలు వెనక్కి లాక్కుంది. నాకు ఏడుపు ఆగలేదు. మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి నేను చిన్నదాని దగ్గరికి వెళ్లాను. నాయిన వచ్చేసరికి అది జీనుతో వాకిట్లో నిలబడి ఉండాలి, చూసి ఆశ్చర్యపోవాలి, వచ్చే పెళ్లికి దాన్నే తీసుకెళ్లాలి. ఇదీ నా లెక్క. బొంత వేశాను, జీను పెట్టాను. బలమంతా ఉపయోగించి పట్టీని బిగించాను. అవ్వకు రెండుసార్లు పట్టే పనిని ఒక్కసారిలో చేసేశానని మురిసిపోయాను కూడా. చిన్నది బుద్ధిగా నిలబడింది.

వాకిలి దాటి పది అడుగులు వేసిందో లేదో, పెద్దగా ఊపిరి వదిలింది. బిగుతుగా ఉన్న పట్టీ నా కళ్లముందే వదులైపోయింది. జీను పక్కకు ఒరిగి, గిర్రున తిరిగి పొట్ట కిందకి జారిపోయింది. జీనుకు వేలాడే ఇనుప రికాబులు కాళ్లకు టంగుటంగున తగలడంతో అది బెదిరి, నా చేతిలోని తాడు లాక్కుని పరుగెత్తింది. ముళ్లకంప దాటి, అవ్వ పనిచేస్తున్న ద్రాక్ష తోటలోకి దూరి, రాతి స్తంభాల మధ్య ఇరుక్కుని తన్నుకోవడం మొదలుపెట్టింది. తోటలో పనిచేస్తున్నవాళ్లంతా కేకలు వేస్తుంటే అవ్వ వాళ్లను నోరు మూయించి, ఒక్కతే దాని దగ్గరికి వెళ్లి, చేతిలో ఉన్న తీగలు కోసే కత్తెరతో పట్టీని తెగ్గోసింది. జీను కింద పడింది. చిన్నదాని పొట్ట కింద చర్మం లేచిపోయి ఉంది. వణుకుతోంది. దాని వెనకే పరుగెత్తుకొచ్చిన నేను తెగిపడ్డ పట్టీని చూస్తూ నిలబడ్డాను.

"ఏందే గంత తొందర?" అని అడిగింది అవ్వ.

"పెద్దదానికి కాళ్లు నొస్తున్నయి అవ్వా," అన్నాను.

ఆమె చాలాసేపు చిన్నదాని మెడ నిమిరి, ఇంటికి వచ్చేటప్పుడు దారిలో చెప్పింది. "పట్టీ బిగిస్తాంటే అది ఊపిరి బిగపట్టి పొట్ట ఉబ్బిస్తది బిడ్డా. మోసం కాదది, భయం. నడిస్తే ఆ భయం కొంచెం ఇడుస్తది. అప్పుడు మల్ల బిగియ్యాలె." కోపంగా చెప్పలేదు. కోప్పడేంత ఓపిక కూడా ఆమెకు లేదేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ తర్వాత జీను కనపడితే చాలు చిన్నది గోడకు అంటుకుపోయి వణికేది. అవ్వ మర్నాడే మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి జీను కొట్టం బయట, ఆమె లోపల. అన్ని నెలల పని మట్టిలో కలిసిపోయినా, ఎప్పటిలాగే తోట నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, లోపలికి వెళ్లి కూర్చునేది. గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

మాఘం వచ్చేసింది. చిన్నది గోనెసంచి దగ్గరే ఆగిపోయింది. పెళ్లిళ్లు ఒప్పుకుని ఉన్నాం, ఎవరిని పంపాలి? పెద్దదే వెళ్లింది. బయల్దేరేటప్పుడు అవ్వ నన్ను పిలిచి, "నువ్వు గూడ పో. దానికి నీళ్లు తాపియ్యి," అంది.

వెళ్లాను. ఆ నెలలో ప్రతి పెళ్లికీ దాని పక్కనే నడిచాను. డప్పుల హోరులో అది ఒక కాలి మీది బరువు ఇంకో కాలికి మార్చుకోవడం, నొప్పి ఉన్న కాలు మళ్లీ దించాల్సిరావడం దగ్గర నుంచి చూశాను. పైన కూర్చున్న పెళ్లికొడుకులకు ఏం తెలుసు? నవ్వు ముఖాలతో ఉండేవాళ్లు. వాళ్లది తప్పని ఎలా అంటాను? ఆఖరి పెళ్లిలో, పందిరి ఇంకా కొంచెం దూరం ఉందనగా, అది మోకాళ్ల మీద కూలబడింది. పెళ్లికొడుకు జారి దిగి దుమ్ము దులుపుకున్నాడు. జనం నవ్వారు. నలుగురిలో పరువు కోసం నాయిన కూడా నవ్వి, దాని చెవి దగ్గర ఏదో బతిమాలుతూ లేపాడు. అది లేచి, నలుగురినీ కాదని, నా భుజం వెతుక్కుంది.

ఎండాకాలం ముదిరేసరికి చిన్నది జీను వేయించుకుంది. పెద్దది ఇంటిపట్టున ఉంది, మేం అనుకున్నట్టే. కానీ ఒక్క వానాకాలమే. దసరా చూడకుండానే పోయింది. ఆ మాఘం పెళ్లిళ్ల బరువు నేను దాని మీద వేయకపోతే ఇంకొన్నాళ్లు ఉండేదా? ఎవరూ చెప్పలేదు, నేను అడగనూ లేదు. నేను తొందరపడింది దాని కోసమే. ఆ తొందరను మోసింది కూడా అదే. నిజం చెప్పాలంటే, దాని నొప్పి చూస్తూ కూర్చోవడం నాకు చేతకాలేదు. నా బాధ త్వరగా తీరాలని నేను పరుగెత్తాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ముసలితనం రావాల్సివచ్చింది.

ఇప్పుడు మేం నాగారంలో ఉంటున్నాం. పక్షవాతం వచ్చిన దగ్గర నుంచి మా ఆయనకు నడక మళ్లీ నేర్పుతున్నాను. నాకూ నడుము పడిపోయింది, అలసట ఎముకల్లోకి దిగింది. ఎన్నోసార్లు రెక్క పట్టుకుని లాగేయాలనిపిస్తుంది, ఆయన మంచికే కదా అని నన్ను నేనే నమ్మించుకుంటూ. అప్పుడు మా అవ్వ గుర్తొచ్చి చెయ్యి వదిలి పక్కన కూర్చుంటాను. నిన్న గుమ్మం దాకా వచ్చాడు. ఈ రోజు మంచం దిగగానే భయపడి, ఊపిరి బిగపట్టి, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. సరే, కూర్చో అన్నాను. రేపు మళ్లీ మంచం దగ్గర నుంచే.