ముందు బూట్లు విప్పు

మా ఉక్కు ఫ్యాక్టరీ పెద్దాయనకి మనుషుల మొహాలతో పని లేదు. కాళ్ళు చూసేవాడు.

యుద్ధంలో పోరాడి వచ్చి, మా దగ్గర చిన్న ఆఫీసరుగా చేరి, చివరికి ఫ్యాక్టరీ మొత్తానికీ పెద్దయ్యాడు. పదవి మారినా పటాలం బుద్ధి మారలేదు. పొద్దున్నే మేం బట్టలు మార్చుకునే గదిలోకి వచ్చి, "బూట్లు విప్పండి" అనేవాడు. ఒక్కొక్కడి ముందూ గొంతుకూర్చుని, టార్చిలైటు వేసి వేళ్ళ సందులు చూసేవాడు. "ఈ గోళ్ళేంట్రా? గునపం ఖర్చు మిగుల్చుదామనా?" అనేవాడు. మేం పెట్టుకున్న పేరు పాదాల మేజరు.

"నా మొహం ఎదురుపడితే పోల్చుకోడు. మడమ చూపిస్తే మాత్రం మా నాన్న పేరు కూడా చెప్తాడు" అనేవాడు మా క్రేను డ్రైవరు.

ఆయన భార్యదీ అదే మొర. "నేను జుట్టు కత్తిరించుకుంటే నెలైనా కనిపెట్టలేదు. చెప్పులు మారిస్తే గుమ్మంలోనే పట్టేశాడు!"

ఒకసారి ఉక్కు కొనడానికి సూటూ టైతో ఒకాయన వచ్చాడు. కొంచెం కుంటుతున్నాడు. ఆ తర్వాతి సంగతి టీ ఇచ్చే ఆయన కళ్ళారా చూసి చెప్పాడు.

"బూట్లు విప్పండి" అన్నాడట మేజరు.

"నేను బేరానికొచ్చానండీ!"

"ఆడుదురుగానీ. ముందు విప్పండి."

విప్పితే మేజోడులోంచి బొటనవేలు తొంగిచూసింది. మేజరు సొరుగు లాగాడు. అందరి సొరుగుల్లో ఫైళ్ళుంటాయి. ఆయన సొరుగులో మేజోళ్ళు, దూది, పౌడరు డబ్బా. వచ్చినాయన కొత్త మేజోళ్ళు తొడుక్కుని, అనుకున్నదానికి రెట్టింపు ఉక్కు కొనుక్కుని వెళ్ళాడు.

సమ్మె రోజుల్లో మా సంఘం నాయకుడు నిప్పులు కక్కుతూ ఆయన గదిలోకి వెళ్ళి, మెత్తబడి బయటికొచ్చాడు.

"ఏమైందన్నా?"

"ఏం చెప్పమంటావురా! చచ్చినా ఆయన కాళ్ళు పట్టుకోకూడదని ఒట్టేసుకుని వెళ్ళానా? ఆయనే నా కాలు పట్టుకుని కూర్చున్నాడు. ఆనెకాయకి మందు రాస్తున్న మనిషిని ఎట్లా తిట్టను?"

అందరితోపాటు నేనూ పగలబడి నవ్వాను. నా కాలి దాకా వచ్చాక నవ్వు ఆగిపోయింది.

నాకు షుగరు. ఎడమ కాలికి స్పర్శ తగ్గింది. కొలిమి దగ్గర నిప్పురవ్వ బూటులో పడి కాలితే, ఇంటికెళ్ళి విప్పేదాకా తెలియలేదు. పుండు పడింది. బయటపడితే పనికిరావని ఇంటికి పంపేస్తారు. ఇంట్లో తినే నోళ్ళన్నీ నా రెక్కల మీదే ఉన్నాయి. అందుకని మేజరు వచ్చే వేళకి మరుగుదొడ్లో దూరడం మొదలుపెట్టాను.

"చెప్పేయొచ్చు గదరా" అన్నాడు క్రేను డ్రైవరు.

"చెప్తే కూడెవరు పెడతారు, నువ్వా?"

ఒకరోజు మరుగుదొడ్డి తలుపు తీసి బట్టల గదిలోకి అడుగుపెడితే ఎదురుగా మేజరు!

"ఈ మధ్య నీ కాళ్ళు కనపడట్లేదేం?"

"కడుపు బాగాలేదు సార్."

"కడుపు బాగాలేనివాడు ఎడమకాలు ఈడుస్తాడా? విప్పు."

"వద్దు సార్. నా పని పోతుంది."

ఆయన ఇస్త్రీ ప్యాంటుతో ఆ మసి నేలమీదే కూలబడి, బూటు విప్పి, నా కాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. మా మేస్త్రీ నన్ను ఏనాడూ పేరు పెట్టి కూడా పిలవలేదు. అలాంటిది, ఫ్యాక్టరీకే పెద్దయిన మనిషి ఒళ్ళో నా కాలు! పుండు చుట్టూ వేలితో నొక్కాడు.

"తెలుస్తోందా?"

"లేదు సార్."

మేజరు తన కుడి బూటు విప్పాడు. గదిలో వాళ్ళంతా మూగారు. ఇన్నేళ్ళూ మా కాళ్ళు చూసిన మనిషి కాలు మేమెవరమూ చూడలేదు. వేళ్ళు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ కాలితోనే రోజూ మాకన్నా ముందు నిచ్చెనలెక్కేవాడు!

"యుద్ధంలో మంచుకి మొద్దుబారింది. నొప్పి లేదు గదా అని ఊరుకున్నా. చెప్తే వెనక్కి పంపేస్తారని భయం. నేనూ నీలాంటి ఘనుణ్ణేరా."

"మరి నా పని, సార్?" అన్నాను.

"ఇప్పుడు ఆసుపత్రికి పద. మానాక తూకం గదిలో కుర్చీ పని. జీతం అదే. అంకెలు వచ్చుగా?"

"వచ్చు సార్."

"ఇంకెందుకా ఏడుపు?"

తలెత్తి చూస్తే అందరి కళ్ళూ ఆయన కాలి మీదే ఉన్నాయి. "ఏంట్రా చూపులు? సినిమానా?" అని కసిరాడు.

క్రేను డ్రైవరు వంగి తన బూట్ల తాళ్ళు లాగాడు. పక్కవాడూ లాగాడు. ఆయన నోటితో చెప్పకుండానే గది గదంతా బూట్లు విప్పేసి వరసగా నిలబడింది.

యుద్ధానికి బెదరని మనిషి రెండు చేతులతో ముక్కు మూసుకున్నాడు.

"అందరూ ఒక్కసారే కాదురా నాయనా! ముందు ఆ కిటికీలు తెరవండి!"