దుప్పటి రెండో కొస

ఆ పెద్దాసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ టీచరమ్మ అనేవారు. ఆమె ఏ బడిలోనూ పనిచెయ్యలేదు. వారమంతా రోగుల పక్కదుప్పట్లు మడతపెట్టి, డాక్టర్ల తెల్లకోట్లకు గంజి పెట్టి ఇస్త్రీ చేసేది. ఆదివారం పొద్దున మాత్రం చర్చి వెనక గదిలో చాప పరిచి పిల్లలకు యేసు శిష్యుల కథలు చెప్పేది. పేతురు నీళ్ళ మీద నడవబోయి మునిగిన సంగతి ఆమె చెబుతుంటే, ఎదురుగా నిజంగానే నీళ్ళున్నట్టు పిల్లలు కాళ్ళు ముడుచుకుని కూర్చునేవారు. లాండ్రీలో ఎవరైనా నోరు జారితే, "ష్, టీచరమ్మ వింటోంది" అని నవ్వుకునేవారు. ఆ నవ్వులో కాస్త వెక్కిరింత ఉన్నా, కాస్త మర్యాద కూడా ఉండేది. ఆ మర్యాదంటే ఆమెకు ఇష్టం. ఎంత ఇష్టమో మాత్రం చాలాకాలం ఆమెకే తెలియలేదు.

పక్కదుప్పటి మడత ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చెరో కొస పట్టుకోవాలి. విదిలిస్తే దుప్పటి గాలికి పొంగి మెల్లగా కిందికి దిగుతుంది. అది దిగేలోపు ఇద్దరూ దగ్గరికి నడిచి అంచుకు అంచు కలపాలి. నేలకు తగిలిందా, మళ్ళీ ఉతుకుడే. ఆ పనిని బట్టే అక్కడ ఒక పద్ధతి పుట్టింది. కొత్తగా పనికొచ్చిన మనిషి చేతికి సూపర్‌వైజరు ఒక దుప్పటి ఇచ్చి, "ఎవరమ్మా కొస పట్టేది?" అని అడిగేవాడు. పాతవాళ్ళలో ఎవరో ఒకరు ముందుకొచ్చి రెండో కొస అందుకునేవారు. అందుకున్నారంటే ఆ మనిషికి వాళ్ళు పూచీ. కొత్తమనిషి ఆలస్యంగా వచ్చినా, బట్ట కాల్చినా, ఏదైనా పోయినా ముందు అడిగేది వాళ్ళనే. కాగితం మీద ఎక్కడా లేని పద్ధతే గానీ, దాన్ని దాటినవాళ్ళు లేరు.

చర్చిలో చివరి బల్ల మీద, తలుపు పక్కన, ఆ మధ్య ఒక అమ్మాయి కూర్చోవడం మొదలుపెట్టింది. ముప్పై దాటి ఉంటాయి. పనిచేసే ఇంట్లో గొలుసు తీసి, పట్టుబడి, జైలుకెళ్ళి వచ్చింది. ఆ సంగతి తనే దాచకుండా చెప్పింది. చెప్పాక ఆ బల్ల మీద ఆమె పక్కన చోటు ఎప్పుడూ ఖాళీయే. ఒక ఆదివారం టీచరమ్మ వెళ్ళి ఆ ఖాళీలో కూర్చుంది. ఆ తరవాత ప్రతి ఆదివారం అక్కడే కూర్చుంది. మాటలు కలిశాయి, "అక్కా" అనే పిలుపు కుదిరింది.

"అన్నయ్య ఇంట్లో ఉంటున్నానక్కా. వదిన నెలాఖరుదాకా గడువిచ్చింది. తరవాత నీ చాప నువ్వు చుట్టుకో అంది."

"మా లాండ్రీలో మనిషి కావాలంటున్నారు. వచ్చెయ్."

"నన్నెవరు పెట్టుకుంటారు?"

"నేనున్నాగా! కొస నేను పడతాను."

అంటూ ఆ పద్ధతంతా వివరించి, తను కప్పుకున్న శాలువా తీసి, చర్చి వరండాలోనే నేలకు తగలకుండా మడత ఎలా వెయ్యాలో చూపించింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ మాట ఇచ్చిన తీపి ఇల్లు చేరేదాకా టీచరమ్మ నాలుక మీదే ఉంది.

ఆ అమ్మాయి రావలసిన రోజుకు కాస్త ముందు లాండ్రీ స్టోరురూములో తువ్వాళ్ళు తగ్గాయి. ఆ గది తాళాలు టీచరమ్మ దగ్గరుంటాయి. సూపర్‌వైజరు ఆమెను ఒక్క మాటా అనలేదు. కాకపోతే ఆమె గది తాళం వేసి వచ్చాక, వెనకే వెళ్ళి ఒకసారి తాళం లాగి చూశాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా చూడలేదు. ఆమెకు ఒళ్ళంతా ముళ్ళు గుచ్చినట్టయింది.

చెప్పిన రోజుకు అమ్మాయి వచ్చింది. ఉతికిన బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టింది. టీచరమ్మగారి చర్చి మనిషినని చెప్పుకుంది.

"ఇదివరకు ఎక్కడ పనిచేశావు?" అన్నాడు సూపర్‌వైజరు.

"ఇళ్ళల్లో సార్."

"ఎందుకు మానేశావు?"

"జైలుకెళ్ళాను సార్. దొంగతనం చేసి."

మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి గానీ మనుషులు ఆగిపోయారు. వాళ్ళలో ఒకామె గొంతు వార్డులదాకా వినిపిస్తుందని ఆమెకు సైరన్ అని పేరు పడింది. ఆమె మొదలుపెట్టింది.

"బావుందమ్మా! తువ్వాళ్ళు పోయింది చాల్లేదని దుప్పట్లకు కూడా మనిషిని పిలిచారా?"

నలుగురు కిసుక్కుమన్నారు. సూపర్‌వైజరు నవ్వలేదు. దుప్పటి తీసి అమ్మాయి చేతికిచ్చాడు. "ఎవరమ్మా కొస పట్టేది?"

అమ్మాయి టీచరమ్మ వైపు చూసింది. ఆ చూపులో బతిమాలుకోవడం లేదు. ముందే అనుకున్న పనికి ఇక మొదలుపెడదామా అన్నట్టుంది.

టీచరమ్మ ఇస్త్రీబల్ల దగ్గర నిలబడి ఉంది. చేతులు పొడిగా, ఖాళీగా ఉన్నాయి. పక్కనే గంజి తొట్టి. ఆమె అబద్ధమాడే మనిషి కాదు. అందుకని ముందు రెండు చేతులూ మణికట్లదాకా ఆ గంజిలో ముంచింది. తరవాత అంది:

"నా చేతులు తడిగా ఉన్నాయి సార్."

"మీ చర్చి మనిషిని అని చెప్పింది. తెలుసా మీకు?"

"చర్చికి చాలామంది వస్తారు సార్. చూసిన మొహమే."

ఎవరూ ముందుకు రాలేదు. అమ్మాయి ఒక అంచు గడ్డం కింద నొక్కిపెట్టుకుని, చేతులు రెండూ బార్లా చాపి, ఒక్కతే మడతపెట్టబోయింది. దుప్పటి ఆమెకంటే పొడుగు. కొస నేలకు తగిలింది. సూపర్‌వైజరు చెడ్డవాడేం కాదు. "పోనీలేమ్మా, కబురు చేస్తాం" అన్నాడు. ఆమె ఆ దుప్పటిని ఉండచుట్టి, "నేలకు తగిలింది సార్, ఉతుక్కి వెయ్యాలి" అని, తనే తీసుకెళ్ళి మాసిన బట్టల కుప్పలో వేసి వెళ్ళిపోయింది. ఆ నియమం ఆమెకు నేర్పింది ఎవరో ఆ గదిలో ఒక్కరికే తెలుసు.

మధ్యాహ్నానికి గంజి ఆరి టీచరమ్మ చేతుల మీద చర్మం బిగుసుకుంది. ఎన్నిసార్లు కడిగినా వేళ్ళ సందుల్లోంచి తెల్లగా పొట్టు రాలుతూనే ఉంది.

ఆమె భర్త బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. సాయంత్రం ఆమెను చూసి, "ఏంటి, రాగానే కుర్చీకి అతుక్కుపోయావు?" అన్నాడు.

"తలనొప్పండీ."

"ఆ పిల్లను పెట్టుకున్నారా?"

"లేదు."

"అదేంటి, కొస నువ్వు పడతానన్నావుగా?"

"చేతులు తడిగా ఉన్నాయి."

"తుడుచుకోకపోయావా?" అన్నాడు. పొడవాలని అన్న మాట కాదు. ఏ కల్మషమూ లేకుండా అడిగాడు. అందుకే ఆమెకు తలకొట్టేసినట్టయింది. లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. ప్రార్థనకు కూర్చుంటే కన్నీళ్ళొచ్చాయి. ఆ కన్నీళ్ళ వెనక చిన్న ఊరట కూడా వచ్చింది. అది గమనించి ఆమెకు తన మీద ఇంకా రోత పుట్టింది.

ఆదివారం చివరి బల్ల మొత్తం ఖాళీగా ఉంది. పాఠం బర్నబాది. దాటవేద్దామనుకుంది గానీ పిల్లలు ఊరుకుంటారా? పోయినవారమే సౌలు దమస్కు దారిలో పడిపోయి, చూపు పోగొట్టుకుని, మారుమనసు పొందాడు. తరవాతేమైందో చెప్పి తీరాలన్నారు. చెప్పింది. విశ్వాసులను ఇళ్ళలోంచి ఈడ్చుకెళ్ళి చెరసాలలో వేయించిన సౌలు, మారి యెరూషలేముకు వస్తే శిష్యులెవరూ దగ్గరికి రానివ్వలేదనీ, బర్నబా ఒక్కడే అతన్ని వెంటబెట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్ళి అతని తరఫున మాట్లాడాడనీ చెప్పింది.

ముందు వరసలో రెండు జడల పిల్ల చెయ్యెత్తింది. "బర్నబాకి భయం వెయ్యలేదా టీచర్?"

ఏటా ఈ పాఠంలో ఆమె బర్నబాను భయమెరగని మనిషిగానే చెప్పేది. ఈసారి ఆ మాట నోటికి రాలేదు. "వేసే ఉంటుందమ్మా. సౌలు అంటే అందరికీ హడలే కదా. భయం వేసినా చెయ్యి వదల్లేదు."

"పేతురు భయపడి అబద్ధం కూడా చెప్పాడుగా టీచర్! యేసుప్రభువెవరో నాకు తెలీదన్నాడుగా!"

"అన్నాడు. అని, బయటికెళ్ళి ఏడ్చాడు."

"ఏడిస్తే సరిపోతుందా?"

పిల్లకు జవాబు చెప్పాలి. "సరిపోదమ్మా. తరవాత అదే ఊళ్ళో, అందరి ముందూ నిలబడి, గొంతెత్తి, ఆయన మనిషినే నేను అని చెప్పాడు." చెబుతుంటే ఆమె గొంతు ఆమెకే ఎవరో మందలిస్తున్నట్టు వినిపించింది.

పిల్లలను పంపేసి నేరుగా ఆ అమ్మాయి ఉండే ఇంటికి వెళ్ళింది. తలుపు తీసింది వదిన. "వాక్యం చెప్పడానికా? చెప్పండి. కడుపు నిండుతుందేమో చూద్దాం" అని పక్కకు తప్పుకుంది. లోపల అమ్మాయి నేల మీద కూర్చుని బట్టలు సంచిలో సర్దుతోంది.

"కూర్చోండి టీచరుగారూ."

అక్కా అనలేదు. టీచరమ్మ కూర్చోలేదు.

"నువ్వెవరో తెలియనట్టు మాట్లాడాను."

"మాట్లాడారు."

"తువ్వాళ్ళు పోయాయి. తాళాలు నా దగ్గరుంటాయి. నన్ను కూడా అనుమానిస్తారేమోనని..." అని ఆగిపోయింది. "కాదు. నాకున్న మంచిపేరు పోతుందని భయపడ్డాను."

"దొంగ అంటారేమోనని మీకు ఒక్కపూట భయమేసింది. నాకిక అదే పేరు." సంచి మూతి ముడి వేసింది. "అందరూ నా మొహం చూస్తున్నారు, నేను మీ చేతులు చూస్తున్నాను. తొట్టిలో పెట్టకముందు కూడా చూశాను."

"నన్ను క్షమించమని..."

"క్షమించానంటే మీకు నిద్రపడుతుంది. నాకు పని దొరుకుతుందా టీచరుగారూ?"

టీచరమ్మ, "రేపు అడుగుతాను, అందరి ముందూ" అంది.

"అడగండి. కబురొస్తేనే వస్తాను. ఊరికే ఆ దుప్పటి పట్టుకుని ఇంకోసారి నిలబడలేను."

సోమవారం మిషన్లు ఆన్ చెయ్యకముందే, అందరూ వింటుండగా టీచరమ్మ చెప్పింది. "సార్, ఆ అమ్మాయి నాకు బాగా తెలుసు. రమ్మన్నది నేనే. కొస పడతానని మాట కూడా ఇచ్చాను."

"మరి చేతులు తడి అన్నారుగా?"

"నేనే తడుపుకున్నాను సార్. మిమ్మల్ని నమ్మించడానికి."

"అమ్మో! టీచరమ్మా, నువ్వా!" అంది సైరన్. ఆమె గొంతు అంత చిన్నగా అంతకుముందు ఎవరూ వినలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బావుండేది.

"ఎవరు తప్పు చేసినా మిమ్మల్ని చూపించి బుద్ధి చెప్పేవాణ్ణి" అన్నాడు సూపర్‌వైజరు. తరవాత చెయ్యి చాపాడు. "తాళాలు కొన్నాళ్ళు నా దగ్గరుంచండి. ఆ అమ్మాయిని రమ్మనండి. ఏం జరిగినా పూచీ మీదే."

ఆమె సంచిలోంచి తాళాలు తీసి ఇచ్చేసింది.

మర్నాడు అమ్మాయి వచ్చింది. దుప్పటి అందుకుంది. సూపర్‌వైజరు అడగవలసిన మాట అడగకముందే టీచరమ్మ పొడిచేతులతో ముందుకు నడిచింది. అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది.

"పూచీ ఆవిడదే ఉండనీండి సార్. కొస మాత్రం వేరేవాళ్ళు పడితే బావుంటుంది."

అలా ఎప్పుడూ జరగలేదు. అందరూ ముఖాలు చూసుకున్నారు. చివరికి సైరనే, "నాకు తప్పేట్టు లేదు" అని గొణుక్కుంటూ వచ్చి రెండో కొస అందుకుంది. "ఆ రోజు నీ మొహం మీదే అన్నాను, గుర్తుందిగా?"

"ఉందక్కా. అందుకే మీరైతే ఫరవాలేదు."

దుప్పటి పొంగి దిగింది. అంచుకు అంచు కలిసింది. టీచరమ్మ తన ఇస్త్రీబల్ల దగ్గరికి వెనక్కి వచ్చి కోటు చేతుల్లోకి తీసుకుంది. తనకు న్యాయంగా దక్కింది ఇంతేననిపించింది. అయినా కోటు చెయ్యి ఒకటి మడత తప్పింది. మళ్ళీ తడిపి మళ్ళీ రుద్దింది.

తువ్వాళ్ళు పోయినప్పటినుంచి గేటు దగ్గర కొత్త ఏర్పాటు వచ్చింది. పని దిగాక కొత్తవాళ్ళ సంచీ, వాళ్ళకు పూచీ ఉన్నవాళ్ళ సంచీ వెతికి పంపాలి. వాచ్‌మన్ టీచరమ్మను చూసి ఇబ్బందిగా కదిలాడు. "మీది కూడా చూడాలంటున్నారు టీచరమ్మా. ఊరికే తెరిచినట్టు తెరవండి, చాలు."

"పూర్తిగా చూడు నాయనా."

కళ్ళజోడు పెట్టె, అన్నం డబ్బా, పిల్లలకు చూపించే బొమ్మల కాగితాలు ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టింది. డబ్బా మూత కూడా తీసింది. తోటివాళ్ళు పక్కనుంచి వెళుతూ చూసీ చూడనట్టు చూశారు. ఆమె మెడ దగ్గర్నుంచి చెవులదాకా వేడెక్కింది. వెనక వరసలో అమ్మాయి తన సంచి పట్టుకుని అంతా చూస్తోంది.

"ఎలా ఉంది టీచరుగారూ?" అని అడిగింది. గొంతులో ఎత్తిపొడుపు లేదు.

"ఒళ్ళు కాలిపోతున్నట్టుంది."

"కొన్నాళ్ళకు అలవాటవుతుందంటారు," అంది అమ్మాయి, తన సంచి బల్ల మీద పెడుతూ. "నాకింకా కాలేదు."

వాచ్‌మన్ ఆమె సంచిలో చెయ్యి పెట్టాడు. టీచరమ్మ తన వస్తువులు సర్దుకుంది. పని అయిపోయింది కాబట్టి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. అతను వెతకడం ముగించేదాకా, అందరూ చూసే చోట, ఆ అమ్మాయి పక్కనే నిలబడింది.