పూసల గిన్నె, మంచినీళ్ల సీసా

మా కెమిస్ట్రీ సార్ పోయారని ఆదివారం పొద్దున ఆయన భార్య ఫోన్ చేశారు. "చర్చికి తయారై కుర్చీల కూసున్నరు బాబూ, మళ్ల లేవలే" అన్నారు. సార్‌తో నేను మాట్లాడి అప్పటికి నాలుగేళ్లు.

తొంభైల్లో నాంపల్లి కాలేజీలో నాకు పాఠం చెప్పారు. రిటైరయ్యాక స్టేషన్ వెనక కిరాయి గదిలో ఒకటే పని పెట్టుకున్నారు. ఫ్యాక్టరీల నుంచి నీళ్లలో కలిసే ఫ్లోరిన్ రసాయనాలు మరిగించినా పోవు, ఏళ్లు గడిచినా విరగవు. వాటిని పట్టే అణువును తయారుచేయాలని ఆయన పట్టుదల. సుల్తాన్ బజార్‌లో పూసలూ రాగితీగా కొని, ఆ అణువు నమూనాను గిన్నెలా అల్లి చూపించేవారు. పొడుగు తోకున్న విషపు అణువు అందులో దూరాలి, ఉప్పు దూరకూడదు.

"అన్నిట్ని పట్టుడు పెద్ద పని కాదు. పట్టవలసిందాన్నే పట్టాలె." నేను పత్రికలో రాసే వ్యాసాలు చదివి కూడా ఇదే మాట అనేవారు.

ల్యాబ్‌కు పరీక్షకు పంపే సీసాల ప్రతి వరుసలో చివర ఒక సీసా డిస్టిల్డ్ వాటర్ పెట్టేవారు, దాన్ని మంచినీళ్ల సీసా అనేవారు. అందులో విషం లేదని తెలుసు కదా సార్, అంటే, "తెల్సనుకుంటున్నవ్. గంతే" అనేవారు.

ఒకసారి ఒక ఫ్యాక్టరీ పక్క వాగు నీళ్లలో విషం ఉందని రిపోర్టు వచ్చింది. మొదటి పేజీ చదివి, నా పత్రికలో అక్కడి ఫ్యాక్టరీని ఉతికి ఆరేశాను. రెండో పేజీ సార్ చదివారు. మంచినీళ్ల సీసాలోనూ అంతే విషం. సీసా మూతల లోపలి తెల్లపొర కూడా ఆ జాతి పదార్థమే, విషం దానిలోంచే నీళ్లలోకి దిగి ఉండొచ్చు. చుక్క కారకూడదని ఆబిడ్స్ అంతా తిరిగి ఆ మూతలు తెచ్చింది నేను.

"సవరణ వెయ్యి" అన్నారు.

"వేస్తే ఫ్యాక్టరీవాడికి పండగ. వాడు విషం వదలట్లేదంటారా సార్?"

"వదుల్తున్నడనే నా అనుమానం. గని మన సీసా గా మాట జెప్పలే."

నేను వేయలేదు. పొరపాటు తనదేనని సారే మరో పత్రికకు ఉత్తరం రాశారు. ఫ్యాక్టరీవాళ్లు దాన్ని గేటుకు అంటించారు. మీరు వాళ్ల మనిషి అని మొహం మీదే అన్నాను. "ఛాయ్ తాగి పో" అన్నారు. తాగలేదు. మళ్లీ వాగుకు పోదాం రమ్మని మూడుసార్లు కబురు పెట్టారు. వెళ్లలేదు.

ఆ ఉత్తరంలో మూతల మాట లేదు, నా పేరూ లేదు. ఫ్యాక్టరీ మీద నా కోపం చావలేదు, చావదు కూడా. కానీ ఆ రిపోర్టు చెల్లదు. మూతలు నావి. నాలుగేళ్లు ఆలస్యంగా ఇప్పుడు రాస్తున్న ఈ సవరణ చదవాల్సిన మనిషి లేరు.

సమాధి దగ్గర నుంచి ఆ గదికి వెళ్లాను. కిటికీ గట్టు మీద వరుసగా సీసాలు, అన్నిటికీ మామూలు మూతలు, చివరిది తప్ప అన్నిటి మీదా సార్ దస్తూరీలో 'వాగు' అని. అవన్నీ ఖాళీ, మళ్లీ వాగుకు పోవడానికి సిద్ధంగా. చివరిదానిలో మాత్రం మంచినీళ్లు నిండుగా ఉన్నాయి. పైన తీగకు పూసల గిన్నె వేలాడుతోంది. రైలు స్టేషన్‌లోకి వస్తుంటే అది సన్నగా వణికింది, నీళ్లూ వణికాయి.