నూరు చూసేదాకా

ఖమ్మం మార్కెట్ యార్డు పక్కనుంచి ఆటో పోతుంటే ఎండుమిర్చి ఘాటు ముక్కుకు తగులుతుంది. పంట వచ్చే రోజుల్లో ఆ రోడ్డున పోయేవాళ్లంతా తుమ్ముతూనే పోతారు. మొన్న నేనూ తుమ్మాను. పక్కన కూర్చున్నామె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఘాటు తగిలినప్పుడల్లా పాత రోజులు కళ్లముందుకొస్తాయి. పాల్వంచలో ఒక బల్ల మీద పోసిన ఎండుమిరపకాయలు, వాటి వెనక నిలబడిన ఎస్తేరు మేడం ముందుగా గుర్తుకొస్తారు. తర్వాత మిగతావి ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చివరికి వచ్చి ఆగేది ఎప్పుడూ ఒకచోటే. మైక్రోస్కోపు మీద వంగిన ఒక ముసలాయన, ఆయన నోటినుంచి ఒక్కొక్కటిగా వస్తున్న అంకెలు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు అవి. జిల్లా ఇంకా విడిపోలేదు. నేను పాల్వంచలో ఒక దినపత్రికకు విలేకరిని. వానాకాలం మొదలైతే చలిజ్వరాల వార్తలు రాయడం నా పని. భద్రాచలం వైపు అడవి పల్లెలనుంచి మనుషుల్ని మంచాల మీద మోసుకొచ్చేవారు. లోపలి పేజీలో నాలుగు వాక్యాలు పడేవి. పేర్లు మారేవి, వాక్యాలు మారేవి కావు. రాసి రాసి నాకు జ్వరమంటే భయం పోయిందనుకున్నాను. నిజానికి ఆ జ్వరం అప్పటికింకా మా ఇంటి గడప తొక్కలేదు, అంతే.

రక్తపు చుక్క ఫొటో చూసి మలేరియా ఉందో లేదో చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాం ఒకటి తయారవుతోందని విని, ఊరి బయట ఉన్న ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లాను. అక్కడి లెక్చరర్ ఎస్తేరు మేడం. నలభై దాటిన మనిషి. గడియారాన్ని మణికట్టు లోపలివైపుకు తిప్పి పెట్టుకునేవారు. నా చేతిలోని నోటుపుస్తకం చూసి, "ఏం రిపోర్టరూ, రేపే అచ్చేస్తవా?" అన్నారు.

"అవ్ మేడం, ఒక ఫొటో తీసుకొని పోత."

"మిషను ఎట్ల నేర్చుకుంటదో తెల్వకుంట ఏం రాస్తవయ్యా? నాలుగు శనివారాలు క్లాసుకు రా, తర్వాత రాయి. అప్పటిదాక ఫొటో గూడ లేదు."

వార్తకు షరతు పెట్టిన మనిషిని అంతకుముందు నేను చూడలేదు. విసుగుతోనే వెళ్లాను.

మొదటి శనివారం ఆమె బల్ల మీద ఒక సంచి ఎండుమిర్చి గుమ్మరించారు. క్లాసంతా తుమ్ములు. మంచి కాయలు ఒకవైపు, తాలు కాయలు ఒకవైపు ఏరమన్నారు. యార్డులో ఆడవాళ్లు రోజంతా చేసే పనే అది. రెండు నిమిషాల్లో ఏరేశాను. "ఏం జూసి ఏరినవ్?" అని అడిగారు. ఎర్రగా ఉన్నవి మంచివి, తెల్లబారినవి తాలు అన్నాను. "ఎంత ఎరుపైతే మంచిది? కంప్యూటర్‌కు కండ్లు లేవు. దానికి అంకె చెప్పాలె." చేతికి తెలిసింది నోటికి తెలియలేదు.

ఆమె ఒక్కో కాయకు ఎరుపు ఎంత, పొడవు ఎంత అని రెండు అంకెలు వేయించి, బోర్డు మీద ఒక్కో కాయకు ఒక్కో చుక్క పెట్టించారు. మంచి కాయల చుక్కలన్నీ ఒక మూల గుంపుకట్టాయి, తాలువన్నీ ఇంకో మూల. "ఇప్పుడొక కొత్త కాయ వచ్చింది. అది మంచిదో తాలో మనకు తెల్వదు. దాని చుక్క పెట్టి, చుట్టుపక్కల ఎవలున్నరో చూస్తం. దగ్గరున్న ఐదింట్ల నాలుగు తాలైతే ఇదీ తాలే. పోలికలు పట్టుడు నేర్పుడంటే మొదటి మెట్టు గిదే."

వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు, "అంటే మేడం, వాడకట్టును జూసి మనిషిని లెక్కగట్టినట్టే గదా!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, "అవ్. దీని బలం గదే. దీంతోని భయం గూడ గదే" అన్నారు. ఆ మాట నేను పుస్తకంలో రాసుకున్నాను గాని, అర్థమై రాసుకున్నది కాదు.

తర్వాతి వారాల్లో మిరపకాయల చోట రక్తకణాలు వచ్చాయి. కణం ఎంత గుండ్రంగా ఉంది, లోపల ఎంత ముదురు మచ్చ ఉంది, రంగు ఏది, ఇలా కొలతలు పెరిగాయి. జ్వరం ఉన్నవాళ్ల రక్తం పూసిన గాజుపలకల, అంటే స్లైడుల ఫొటోలు, లేనివాళ్లవి కలిపి ప్రోగ్రాంకు చూపించి, ఏది ఏదో చెప్పి నేర్పేవారు. కొన్నిటిని నేర్పకుండా దాచి ఉంచి, చివర్లో వాటితో పరీక్ష పెట్టేవారు. దాచినవాటినీ అది దాదాపు తప్పు లేకుండా చెప్పింది. మూడో శనివారానికే నా వార్త మనసులో తయారైపోయింది. శీర్షికతో సహా.

ఆ సాయంత్రమే ఆమె నన్ను ఇంటికి తీసుకెళ్లి వాళ్ల నాన్న దావీదు గారిని చూపించారు. అడవి దవాఖానాల్లో ముప్పై ఏళ్లు రక్తపు స్లైడులు చూసి రిటైరైన మనిషి. కిటికీ పక్కన ఇంకా ఒక మైక్రోస్కోపు, దాని మీద శుభ్రమైన తెల్ల గుడ్డ. మైక్రోస్కోపులో ఒక్కసారికి కనబడే గుండ్రటి జాగాను ఫీల్డు అంటారని, స్లైడు జరిపిన కొద్దీ కొత్త ఫీల్డు వస్తుందని చెప్పారు. "ఉంది అనేటందుకు ఒక్క ఫీల్డు చాలు బాబూ. లేదు అనాలంటే నూరు చూడాలె. నూరు చూడకుంట లేదు అనొద్దు."

"ఎప్పుడన్నా తక్కువ చూసిన్రా?" అని అడిగాను. విలేకరి అలవాటు.

ఆయన మైక్రోస్కోపు మీది గుడ్డ సర్దారు. "ఒక్కసారి. వాన పడుతున్నది, బస్సు పోతదని ముప్పైకే లేసిన. లేదని రాసిచ్చిన." మేడం వంటింట్లో గ్లాసులు కడుగుతూ ఆగిపోయారు.

నాలుగో శనివారం రాకముందే మా చెల్లెలు సుజాత మంచం పట్టింది. నా దగ్గరే ఉండి డిగ్రీ చదివేది. దుమ్ముగూడెం అవతల స్నేహితురాలింట్లో పెళ్లికి వెళ్లి వచ్చిన పదిరోజులకు వణుకు పట్టుకుంది. జ్వరం ఒకరోజు వచ్చి, ఒకరోజు పోయి, మళ్లీ వచ్చింది. డాక్టరు రక్తం చూపించమన్నాడు. మా వీధి చివరి ల్యాబులో చుక్క తీసి స్లైడుకు రంగు వేశారు గాని, చూసే మనిషి రేపు వస్తాడన్నారు. ఇంటికొస్తే మంచం మీద పడుకున్న సుజాత, "అన్నా, బస్సొచ్చిందా?" అని అడిగింది. ఏ బస్సు అన్నాను. జవాబు చెప్పకుండా కాసేపటికి మళ్లీ అదే అడిగింది. జ్వరం తలకెక్కినవాళ్లు ఎలా మాట్లాడతారో నేను ఎన్నోసార్లు రాశాను. పక్కింటామెను సుజాత దగ్గర కూర్చోబెట్టి, స్లైడు తీసుకుని కాలేజీకి పరిగెత్తాను. ఆ పూట నాకు తెలిసిన అన్నిటికన్నా వేగమైన కన్ను అక్కడే ఉంది.

మేడం స్లైడు పెట్టి ఫొటోలు తీశారు. తెర మీద మాట వచ్చింది. లేదు. అన్ని ఫొటోలకూ లేదు.

కుర్చీలో కూలబడ్డాను. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "మీ మిషను నిలబెట్టింది మేడం" అన్నాను. ఆమె స్లైడు అంచున అంటించిన చీటీ చూస్తున్నారు.

"ఈ రంగు ఏడ ఏసిన్రు?"

"మా వీధి ల్యాబుల."

ఆమె ముఖం పాలిపోయింది. "జ్వరం లేనోళ్ల స్లైడులన్నీ నేను ఆడికెల్లే తెచ్చిన తమ్ముడూ. ఉద్యోగాలకు రక్తపరీక్ష చేయించుకున్నోళ్లయి. జ్వరమున్నోళ్లయన్నీ అడివి దవాఖానలయి. ఆడి రంగు వేరే, ఈడి రంగు వేరే."

అడవి స్లైడు ఒకటి తీసి, రక్తకణం ఒక్కటి కూడా లేని ఖాళీ మూలను ఫొటో తీశారు. ఉత్త గాజు మీద కొంచెం రంగు, అంతే. ప్రోగ్రాంను అడిగారు. ఉంది అంది. సుజాత స్లైడులో అలాంటి ఖాళీ మూలనే చూపించారు. లేదు అంది.

నా జీవితంలో అంత భయపెట్టిన మాటలు ఆ రెండే. అది రక్తాన్ని చూడనే లేదు. స్లైడు ఏ ఊరినుంచి వచ్చిందో చూసి చెప్పింది. అడవిదైతే జ్వరం, పట్నానిదైతే ఆరోగ్యం. దాచిపెట్టి పరీక్షించినవి కూడా అవే రెండు చోట్లవి కాబట్టి ఇన్నాళ్లూ దొరకలేదు. నేనేమో ఆ మాట మీద చెల్లెలికి ఒక మాత్ర వేసి పడుకోబెడదామనుకున్నాను.

"నడువు, నాయిన దగ్గరికి" అని మేడం చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వచ్చారు.

దావీదు గారు స్లైడు పెట్టి, నూనెచుక్క వేసి వంగారు. ఫీల్డుకో అంకె చొప్పున మెల్లగా లెక్కపెట్టసాగారు. పది. పదకొండు. ఇరవై దాటింది. "నాయినా, జర జల్దీ" అన్నారు మేడం. "జల్దీ చేస్తే ఏమైతదో నీకు ఎరికే గదా బిడ్డా" అని ఆయన తల ఎత్తకుండానే అన్నారు. ముప్పై దగ్గర ఆయన గొంతు ఒక్క క్షణం ఆగింది. తర్వాత ముప్పై ఒకటి అన్నారు. నలభై. యాభై. ప్రతి అంకెకూ లేకపోతే బాగుండునని ఒకసారి, ఉంటే ఇప్పుడే దొరకాలని ఒకసారి అనిపించేది. అరవై నాలుగు దగ్గర అంకె ఆగింది. "ఉంగరం" అన్నారు. కణంలో ఉంగరంలా కనబడే క్రిమిని ఆయన అలాగే పిలుస్తారు. "ఇది ప్రాణాలు తీసే రకం. కూసోకు, లే. భద్రాచలం దవాఖానకు పోండ్రి."

జీపు దొరికింది. మేడం వెనక సీట్లో సుజాత తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. దారంతా అడవి. సుజాత బస్సు గురించి అడుగుతూనే ఉంది. "వచ్చిందమ్మా, అండ్లనే పోతున్నం" అని మేడం ప్రతిసారీ జవాబిచ్చారు. గోదావరి వంతెన ఎక్కేసరికి ఆ అడగడం కూడా ఆగిపోయింది. అంతదాకా ఆ ప్రశ్నకు భయపడినవాణ్ని, వంతెన దాటుతున్నంతసేపూ మళ్లీ ఒక్కసారి అడగాలని వేడుకున్నాను.

మూడో రోజు పొద్దున కళ్లు తెరిచి నీళ్లు అడిగింది. "ఇంకొక్క పూట ఆగి తెస్తే..." అని డాక్టరు వాక్యం మధ్యలో వదిలేశాడు. సుజాత బతికింది. ఎడమ చెవి మాత్రం సరిగా వినబడదు.

తర్వాతి శనివారం మేడం క్లాసులో ఆ ఖాళీ మూల ఫొటో గోడకు అంటించారు. "ఇది మిషను తప్పు గాదు. అడివోళ్లంటే జ్వరం, పట్నపోళ్లంటే ఆరోగ్యం అని నేనే పోగేసిన. నేను నేర్పిందే అది నేర్చుకున్నది" అని పిల్లల ముందు, విలేకరి ముందు చెప్పారు. తర్వాత నావైపు తిరిగి, "ఇప్పుడు రాయి" అన్నారు. రాశాను. గెలుపు లేని వార్త ఏం వార్త అని పత్రికాఫీసు డెస్కు దాన్ని లోపలి పేజీలో సగానికి కోసింది. ఆమె మళ్లీ మొదలుపెట్టి, ప్రతి చోటునుంచీ జ్వరమున్నవాళ్లవీ లేనివాళ్లవీ సేకరించారు. రెండేళ్లు పట్టింది. ఈసారి ప్రోగ్రాం ఎక్కువ తప్పులు చేసింది. "ఇయ్యి నిజం తప్పులు. వీటితోని పని చేయొచ్చు" అన్నారు.

దావీదు గారు ముందు పోయారు, మేడం కొన్నేళ్లకు. ఆమె నాకు కంప్యూటర్లు నేర్పలేదు. ఒక అనుమానం నేర్పారు. ఏదైనా పల్లెలో పోలీసులు ఎవరినో పట్టుకుని నేరస్థుడు ఇతనే అని గట్టిగా చెబితే, ఈ చెప్పేవాళ్లు మనిషిని చూశారా, అతని ఊరినే చూశారా అని అడగకుండా వార్త పంపలేదు. ఖాళీ మూల చూపించినా ఇదే మాట అంటారేమో అనిపించేది. నేను రాసే వార్తల్లో "లేదు" అన్న మాట దగ్గర నా చెయ్యి ఇప్పటికీ ఆగుతుంది.

పోయిన వానాకాలం సుజాత ఫోన్ చేసింది. వాళ్ల చిన్నదానికి జ్వరం. ఫోన్ కుడిచెవికి పెట్టుకుని గట్టిగా మాట్లాడుతుంది తను. "రక్తం చూపిచ్చినం అన్నా. ఏం లేదన్నరు" అంది. గొంతులో ఊరట. అదే ఊరటతో నేను ఒకప్పుడు కుర్చీలో కూలబడ్డాను.

"ఎన్ని చూసి చెప్పిన్రు?" అని అడిగాను.

అవతల చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినబడింది.