నీలిగళ్ల చొక్కా

రాయపూర్ రైల్వే కాలనీలో మా క్వార్టరుకు రెండిళ్ల అవతల, రైల్వే ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సమ్మ ఉండేది. వాళ్లు కాకినాడ వైపు క్రైస్తవులు. భర్త చిన్నవయసులోనే పోతే, ఒక్కగానొక్క కొడుకును వెంటబెట్టుకుని ఉద్యోగం కోసం అంతదూరం వచ్చింది. మాది శ్రీకాకుళం, మా ఆయన గూడ్సు గార్డు. ఆ హిందీ ఊళ్లో తెలుగు మాట వినబడితే చాలు, చుట్టరికం కలిసిపోయేది. ఆమెను నేను అక్కా అనేదాన్ని.

పాతబట్టల బజారు ఆలోచన అక్కదే. గూడ్సు షెడ్డులో గింజలు ఊడ్చి బస్తాలు కుట్టే ఆడకూలీలు పసిపిల్లల్ని పట్టాల పక్కనే గోనె పరిచి పడుకోబెట్టేవారు. ఒక పాపను తేలు కుట్టింది. ఆసుపత్రికి తెచ్చేసరికే ఆలస్యమైపోయింది, అక్క చేతుల్లోనే ప్రాణం పోయింది. మర్నాడు మా ఇంటికొచ్చి, "ఒక గది, ఒక ఆయా, కాసిని పాలు. ఇంతే కదా చెల్లీ, మనవల్ల కాదా?" అంది.

"డబ్బెక్కడిదక్కా?"

"పెట్టెల్లో మూలుగుతున్న బట్టలు లేవా అందరికీ!"

అలా మొదలైంది. నెలకో ఆదివారం, ప్రార్థన అయ్యాక, చర్చి వెనకాల రేకుల షెడ్డులో బల్లలు వేసేవాళ్లం. కాలనీలో ఇల్లిల్లూ తిరిగి బట్టలు అడిగేవాళ్లం. పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె మాకంటే ముందే వచ్చిపోతే, ఆ వీధిలో మాకు చిరుగులే మిగిలేవి. తెచ్చినవి ఉతికి, గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి పెట్టేవాళ్లం. ఊరికే ఇవ్వడానికి అక్క ఒప్పుకునేది కాదు. "కొనుక్కుంటే వాళ్లది. ఇచ్చామనుకో, ఎప్పటికీ మనదే" అనేది. బస్తీ ఆడవాళ్లు స్వెట్టర్లను వెలుతురుకు పట్టి చూసి, గట్టిగా బేరమాడేవారు. ఆ రాబడితో చర్చి పక్కనే పిల్లల గది నడిచింది. పిల్లలు చాపల మీద నిద్రపోయేవారు.

అక్క కొడుకు కాలేజీలో చేరిన ఏడాది, స్నేహితులతో ఖారున్ నదికి ఈతకు వెళ్లి తిరిగి రాలేదు. సమాధి దగ్గర కూడా అక్క ఏడవలేదు. మర్నాటి నుంచీ అలాగే ఉంది. డ్యూటీకి వెళ్లేది, వచ్చేది, తలుపు వేసుకునేది. నేను చారన్నం తీసుకెళ్తే, నా మాట కాదనలేక రెండు ముద్దలు తినేది.

ఏడాది తిరిగాక ఒక బజారు రోజున, ట్రంకుపెట్టె రిక్షాలో పెట్టుకుని వచ్చింది. మూత తీస్తే అన్నీ అబ్బాయి బట్టలు.

"ఏటక్కా ఇది? ఇవి నేనమ్మలేను."

"నువ్వెందుకమ్మడం, నేనమ్ముతాను. పెట్టెలో ఉంచితే పురుగులు కొట్టేత్తాయి. ఎవరో ఒకరు తొడుక్కోనీ."

అన్నట్టే తనే బల్ల వెనక నిలబడి అమ్మింది. నీలిగళ్ల చొక్కా ఒకటుండేది, పండరీ బట్టల బజారులో గుడ్డ తీసి తను కుట్టించింది. దాన్ని గూడ్సు షెడ్డు హమాలీ ఒకతను కొన్నాడు. అతని భార్య బస్తాలు కుట్టేది, వాళ్ల పాప మా గదిలోనే ఉండేది. అక్క కాలరు సరిచేసి, మడతపెట్టి అతని చేతికిచ్చింది.

కొన్నాళ్లకు మేమిద్దరం కూరలకు వెళ్తుంటే, మా ముందు సైకిలు మీద ఆ చొక్కా పోతోంది. నేను చెయ్యి పట్టుకునేలోపే అక్క "బాబూ!" అని కేకేసి పరిగెత్తింది. అతను దిగి వెనక్కి చూశాడు. అక్క మొహంలో ఏం కనబడిందో గానీ, సైకిలు గోడకు ఆనించి గబగబా గుండీలు విప్పబోయాడు.

"లే లే దాయీ, ఏ తోర్ ఆయ్."

తీసుకో తల్లీ, నీదే అంటున్నాడు. అక్క అతని చేతులు పట్టుకుని ఆపింది. వద్దు బాబూ, తొడుక్కో అన్నట్టు "నహీ బేటా, పెహనో" అంది.

ఆ తర్వాత అక్క పొద్దున్నే గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. గూడ్సు షెడ్డుకు వెళ్లేవాళ్లంతా ఆ దారినే పోయేవారు. నీలిగళ్ల చొక్కా మాత్రం రాలేదు. రోజులు గడిచేకొద్దీ చూపు దారి మీదే ఉండేది, చేతిలో టీ చల్లారిపోయేది. ఒకరోజు, "ఊరొదిలి వెళ్లిపోయాడేమో చెల్లీ" అంది.

పాప కోసం వచ్చిన అతని భార్యను అడిగాను. ఆమె తలదించుకుంది. ఆ తల్లికి దుఃఖం కలిగించకూడదని చొక్కా తీసి పెట్టేశాడట. ఈ వీధి వదిలేసి, గూడ్సు షెడ్డు వెనక నుంచి చుట్టు తిరిగి పనికి వెళ్తున్నాడట.

"ఆమె దానికోసమే ఎదురుచూస్తోందమ్మా. తొడుక్కుని ఈ దారినే రమ్మను" అన్నాను.

మర్నాడు వచ్చాడు. చొక్కా ఉతికి, చేత్తో సాపు చేసినట్టుంది. గేటు దగ్గర ఆగి, సిగ్గుపడుతూ నమస్తే పెట్టాడు. అక్క టీ ఇచ్చింది. అతను నిలబడే తాగి, గ్లాసు కడిగి ఇచ్చాడు. అప్పట్నుంచి రోజూ ఆ దారినే వెళ్లేవాడు, గంట కొట్టి మరీ. అతను మలుపు తిరిగేదాకా చూసి అక్క లోపలికెళ్లి డ్యూటీకి తయారయ్యేది. నలుగురిలో మాట్లాడటం, తినడం మళ్లీ మొదలైంది.

బస్తాలు మోసే ఒంటిమీద చొక్కా ఎన్నాళ్లుంటుంది? భుజం చినిగింది, అతుకు పడింది, రంగు పోయింది. ఒక పొద్దున్న నేను అక్క దగ్గర ఉండగా అతను వేరే చొక్కాతో వచ్చి, గేటు దగ్గరే నిలబడిపోయాడు. ఇక కుట్టడానికి కుదరలేదని, తన భార్య దాన్ని పాప బొంతలో వేసి కుట్టేసిందని చెప్పాడు.

"మంచి పని చేసింది" అంది అక్క హిందీలో. అతను వెళ్లిపోయాక నా భుజమ్మీద తలపెట్టి, అన్నేళ్లలో మొదటిసారి గొల్లుమంది.

"ఇయ్యాల పోయాడే చెల్లీ, నా కొడుకు."

వీపు నిమురుతూ కూర్చున్నాను.

బజారు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు సాగింది. అక్క రిటైరై కాకినాడ వెళ్లిపోయింది, అక్కడే పోయింది. పండరీలో కొత్తబట్టలే చవగ్గా దొరకడం మొదలయ్యాక మా బల్లల దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గారు. ఆయాకు జీతం ఇవ్వలేక గది మూసేశాం. చివరి రోజు పిల్లల చాపలు దులిపి చుట్టింది నేనే. అవి ఎవరికివ్వాలో తెలియక చర్చి వరండాలోనే వదిలి వచ్చేశాను.